అటక మీది హార్డ్‌డిస్క్

శుక్రవారం సంతలో పసుపుకొమ్ముల మూట దించగానే చిన్నమ్మలు బేరాలకి కూర్చోదు. మూట పక్కావిడకి అప్పజెప్పి, ఫల్గుణ అనే కుర్రాడి ఫొటో స్టూడియోకి పోయి, కూతురు చిట్టి ఎంత ఎదిగిందో చూసుకుని వస్తుంది.

చిట్టి రెండో తరగతిలో ఉండగా జ్వరానికి పోయింది. బడి కోసం తీయించిన ఒక్క ఫొటో ఫల్గుణ పాత హార్డ్‌డిస్క్‌లో ఉండిపోయింది. ఆ డిస్క్‌లో ఉన్న పిల్లలంతా ఎదుగుతారు. ఆ లోయలో అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ దాన్ని పెద్ద విషయం చేయరు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే మాత్రం ఆ ఈడు దగ్గరే ఆగిపోతారు. మిగతావాళ్లు తమ పిల్లల్ని అలాగే ఎక్కించుకుపోయారు, చిన్నమ్మలే ఒప్పుకోలేదు. మొన్న చిట్టి ఓణీ వేసుకుని కనబడింది.

"ఎవలు కొన్నారే గుంటా నీకు?" అని చిన్నమ్మలు తెరనే అడిగింది.

ఈ ఏడు వానలకి స్టూడియో గోడలు చెమ్మెక్కాయి. ఫల్గుణకి బెంగ పట్టుకుంది.

"తడి తగిల్తే డిస్కు పాడైపోతాది పిన్నీ. పొడి జాగా ఏదీ లేదు."

"మా ఇంట్లో లేదేటి? పొయ్యి మీద అటక్కి ఇత్తనాలు కట్టుకుంతాం. ఎన్ని వానలొచ్చినా గింజ సెడదు. ఇలాగిచ్చీ."

ఫల్గుణకీ అది సబబుగానే తోచింది. వాళ్లమ్మా విత్తనాలు అలాగే దాచేది. చోళ్లు, కందులు, గుమ్మడి గింజల మధ్య గుడ్డలో చుట్టిన చిట్టిని వేలాడదీసి, చిన్నమ్మలు వానాకాలమంతా పొయ్యి ఆరనివ్వలేదు. పిల్లని ఇంట్లో పెట్టుకున్నానన్న సంతోషంలో పాటలు కూడా పాడుకుంది పిచ్చితల్లి.

వానలు వెలిశాక డిస్క్ తెచ్చిచ్చింది. ఫల్గుణ దానికి పట్టిన పొగ వాసన చూసి, తీగ తగిలించకుండానే బల్ల మీద పెట్టేశాడు.

"ఏటైంది బాబూ?"

"దీని లోపల అద్దంలాటి పళ్లెం తిరుగుతాది పిన్నీ. పైన సూదిలాటిది తగలకుండా ఎగురుతా సదువుతాది. ఆ సందులో పొగ నలుసు కూడా పట్టదు. గాలాడ్డానికి ఇదిగో, ఈ బెజ్జం."

బెజ్జం చుట్టూ మసి పేరుకుని ఉంది.

"తుడిసీ మరి."

"తెరిస్తే పోతాది. తిప్పితే గీసుకుపోతాది. ఒక్కపాలి కనబడతాదేమో, అదీ నమ్మకం లేదు."

"తిప్పకపోతే?"

"లోపలే ఉంటాది. మనకి కనబడదు."

బయట ఎవరో ఆమె పసుపుకి బేరమాడుతున్నారు. చిన్నమ్మలు ఆ కేకలు విననట్టే కూర్చుంది. "తిప్పీ. ఎదిగిందో లేదో సూడాలి," అంది.

డిస్క్ గిర్రున తిరిగింది. తెర మీదికి చిట్టి వచ్చింది. వెనక స్టూడియో నీలం పరదా లేదు, చిన్నమ్మలు వంటింటి మట్టిగోడ ఉంది. జుట్టు నిండా మసి. ఓణీ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఎర్రబడ్డ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"సెప్పొచ్చు గదే నాకు," అంది చిన్నమ్మలు.

డిస్క్ టిక్కుటిక్కుమంది. తెర నల్లబడింది. ఫల్గుణ తీగ మార్చాడు, మళ్లీ తిప్పాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. చేయగలిగింది అంతే. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు.

చిన్నమ్మలు డిస్క్‌ని గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకుపోయి, మళ్లీ అటక్కే కట్టింది. ఆ రోజు నుంచి పొయ్యి పెరట్లో పెట్టి వండుతోంది. వానొస్తే తడుస్తుంది, చలిలో వణుకుతుంది. పొగ తగలక విత్తనాలకి పురుగు పట్టింది. తొలకరికి చల్లడానికి గుప్పెడు చోళ్లు కూడా మిగల్లేదు.

"పొయ్యి లోపలెట్టుకోయే, నువ్వేటి తింతావు?" అని పక్కింటి అసిరమ్మ గదమాయించింది.

"గుంటకి కళ్లు మండుతాయి," అంది చిన్నమ్మలు.