ముఠా గ్లాసు

రామాంజిది మనిషి పుట్టుకే కాదని నరసప్ప ఈరోజుకీ అంటాడు. టీ కొట్టు కాడ అంటాడు, బస్టాండులో అంటాడు, రామాంజి ఎదురుపడితే మొహం మీదే అంటాడు. రామాంజి నవ్వి తప్పుకుంటాడు. ఆ నవ్వు చూస్తే నరసప్పకు కడుపు ఇంకా మండుతుంది.

రామాంజి ఆదోనిలో పత్తి బేళ్లు ఎత్తే హమాలీల ముఠాకు మేస్త్రి. నరసప్ప తమ్ముడు బజారి ఆ ముఠాలోనే పని చేసేవాడు. ఎమ్మిగనూరు దారిలోని ఊరి నుంచి పొద్దున బస్సుకు పోయి, చీకటి పడినాక వచ్చేవాడు. ముఠాకు ఒక కట్టుబాటు ఉంది. లారీ నిండినాక అందరూ గోడ వారన కూచుంటారు. ఉండేది ఒకటే స్టీలు గ్లాసు, అంచు సొట్టపడింది. కర్ణాటక నుంచి వచ్చే మందు ప్యాకెట్టు చింపి దాంట్లో పోసి చేయి చేయీ తిప్పుతారు. ఆ గ్లాసు వద్దన్నోడికి మరుసటిరోజు పని లేదు. మొదట తాగేది మేస్త్రి. ఇంకొకరి ఎంగిలి తాగనోడు ముఠా మొత్తంలో ఆయనొక్కడే.

బజారికి తాగుడు సరదా కాదు, జబ్బు. చుక్క పడకపోతే చేతులు వణికేవి, చెమటలు కారేవి, చొక్కా గుండీ పెట్టుకోలేకపోయేవాడు. ఆ సంగతి రామాంజికి అందరికంటే బాగా తెలుసు.

రెండోసారి కరోనా వచ్చి ఊర్లకు ఊర్లు మంచం పట్టిన ఎండాకాలం అది. ముఠాలో ఇశ్రాయేలు అనే హమాలి దగ్గుతానే గ్లాసు అందుకుంటా ఉన్నాడు. బజారి పెండ్లాం గౌరి భయపడి, సద్ది సంచిలో వేరే గ్లాసు పెట్టి పంపింది. బజారి దాన్ని బయటికి తీసేసరికి అందరూ ఒకటే నవ్వు.

"ఏమప్పా బజారీ, మంత్రాలయంలో పూజారివైనావా? మా ఎంగిలి నీకు పనికిరాదా?" అన్నాడు రామాంజి.

మందు తగిలితే ఏ పురుగైనా గ్లాసులోనే చస్తుందని కూడా చెప్పినాడంట. బజారి చేతులు అప్పటికే వణుకుతాండాయి. గౌరి ఇచ్చిన గ్లాసు సంచిలోకి పోయింది. ముఠా గ్లాసు నోటికొచ్చింది.

వారం తిరక్కముందే జ్వరం, దగ్గు. నరసప్ప తమ్ముణ్ణి బండి మీద కూచోబెట్టుకొని ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకపోయినాడు. డాక్టరు గడప దాటనీయకుండా దూరం నుంచే చూసినాడు. వణుకు, చెమట, నోట్లో మందు వాసన. తాగుడు మానితే ఇట్లే అవుతుంది, ఇంటికి తీసుకపోమన్నాడు. జ్వరం కాలుతాంది సార్, ఒక్క టెస్టు చేయండని నరసప్ప చేతులు జోడించినాడు.

"తాగుబోతుకు టెస్టు ఎందుకయ్యా? మంచోళ్లకే పడకల్లేవు."

చదువుకున్న నోటి నుంచి వచ్చిన మాట అది. ఏండ్ల తరబడి తాగి గుల్లైన ఒంటిని ఈ రోగం ముందు పట్టుకుంటుందని, తొందరగా తేవాల్సిందని తర్వాత కర్నూల్లో ఇంకో డాక్టరు చెప్పినాడు. అప్పటికే బజారి పెదాలు నీలంగా మారినాయి.

కర్నూల్లో పడక ఇయ్యాలంటే ముందే దుడ్డు కట్టమన్నారు. నరసప్ప తన చేను అమ్మజూపినాడు. ఆ రోజుల్లో రొక్కం చేతిలో పెట్టుకొని చేను కొనేటోడు రామాంజి ఒక్కడే దొరికినాడు. నరసప్ప పండ్లు కొరుక్కుంటా సంతకం పెట్టినాడు. దుడ్డు ఆసుపత్రిలో పోయింది. తమ్ముడూ పోయినాడు.

మూడోనాడు, పోయినోడికి ఇష్టమైనవి పూడ్చిన మట్టి మీద పెడతారు కదా. గౌరి జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ పెట్టింది. రామాంజి మూతికి గుడ్డ కట్టుకొని ముఠాను వెంటేసుకొని వచ్చినాడు. సంచిలోంచి ఆ సొట్ట గ్లాసే తీసి, ప్యాకెట్టు పోసి, మట్టి మీద పెట్టినాడు. నరసప్ప ఆ గ్లాసునే చూస్తా నిలబడిపోయినాడు. ఆ చూపు రామాంజికి ఇంకోరకంగా అర్థమైంది.

"ఎంగిలి కాదులే అన్నా. కడిగే తెచ్చినా" అన్నాడు మెల్లగా, ఓదార్చినట్టు.

బతికున్నప్పుడు కడగని గ్లాసును మట్టికి కడిగి తెచ్చినాడు. నరసప్ప కాలెత్తి తన్నినాడు. గ్లాసు దొర్లుకుంటా పోయి ముండ్లకంపలో పడింది. ముఠాలో ఒకడు వంగి దాన్ని తీసి, పంచెకు తుడిచి, సంచిలో వేసుకున్నాడు. మరుసటిరోజు లారీ ఉంది.

ఇప్పుడు ఆ చేన్లో రామాంజి పత్తి వేస్తాండాడు. గౌరి అదే చేన్లో కూలికి పత్తి ఏరుతాంది. బస్సు ఆ పక్కన పోయేటప్పుడు నరసప్ప మొహం తిప్పుకుంటాడు. నాయన నుంచి తన భాగానికొచ్చిన నల్లరేగడి అది. ఎకరా నలభై రెండు సెంట్లు.