బావకిచ్చిన మినహాయింపు

మా నీటిశుద్ధి కేంద్రంలో నన్ను తాళాలమ్మ అంటారు. మిగతావాళ్ళంతా వెనకాల అంటారు, బావ మాత్రం మొహం మీదే అంటాడు, పైగా పకపకా నవ్వుతాడు. బావంటే మా అక్క మొగుడు, పొద్దుటి షిఫ్టుకి పెద్ద ఆపరేటరు. ఊళ్ళోకి వెళ్ళే నీళ్ళలో ఎంత క్లోరిన్ కలపాలి, ఏ పంపు ఎప్పుడు తిరగాలి, అన్నీ ఒక వెబ్ పేజీలోంచే నడుస్తాయి. ఆ పేజీకి కాపలా కాయడం నా ఉద్యోగం.

నేను వచ్చేనాటికి ఆ పేజీ ధర్మసత్రంలా ఉండేది. అందరికీ కలిపి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. అది కూడా ఓ కాగితం మీద రాసి కీబోర్డు అడుగున అంటించి ఉండేది. షిఫ్టు దిగేవాడు లాగౌట్ అయితే ఎక్కేవాడికి అవమానం అన్నట్టు, పేజీ తెరిచిపెట్టే లేచిపోయేవాడు. ఎక్కేవాడు వచ్చి ఆ వేడి కుర్చీలోనే కూర్చునేవాడు. ఎవడు ఏం నొక్కాడో దేవుడికే తెలియాలి. ఆర్నెల్లు అందరితో పోట్లాడి ఇదంతా మార్చాను. మనిషికో పేరు, మనిషికో పాస్‌వర్డు. పావుగంట ముట్టుకోకపోతే పేజీ దానంతటదే మూసుకుపోతుంది. కేంద్రం లోపలి కంప్యూటర్ల నుంచి, అదీ దారిలో ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్ మీద తప్ప ఎవరూ లోపలికి రాలేరు. ఎవరికైనా మినహాయింపు ఇవ్వాలంటే ఆఫీసరు సంతకం ఉండాలి. ఏ మినహాయింపునైనా రద్దు చేసిన మరుక్షణం, దాన్ని ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో ఆఫీసరుకి మెయిల్ వెళ్తుంది. ఈ ఆఖరి ఏర్పాటు నేనే పట్టుబట్టి పెట్టించాను. నేనెవరినీ నమ్మే రకం కాదు మరి.

సంతకం లేకుండా నేనిచ్చిన మినహాయింపు ఒక్కటే ఉంది. అది బావకి.

అక్కకి ఆపరేషనై ఆస్పత్రిలో ఉన్న రోజులవి. షిఫ్టు అవగానే బావ అక్కడికి పోయేవాడు గానీ మనసంతా ట్యాంకుల మీదే. అతని దగ్గరున్నది ఓ ముసలి టాబ్లెట్. కొత్త కనెక్షన్ దానికి ఎక్కదు.

"పదంటే పది రోజులు, మరదలా! నీళ్ళ లెవెల్ చూసుకుంటా, అంతే. దేన్నీ ముట్టుకోను."

"ఆఫీసరుగారిని అడుగు బావా."

"ఆయన్నడిగితే కాగితం పెట్టమంటాడు. కాగితం పెడితే కమిటీ అంటాడు. అది తేలేలోపు మీ అక్క తన కాళ్ళ మీద నడిచి ఇంటికొచ్చేస్తుంది. నీ చేతిలో పనే కదే!"

అక్క పేరెత్తేసరికి మెత్తబడిపోయాను. ఎన్‌క్రిప్షన్ అక్కర్లేకుండా, ఏ వైఫై నుంచైనా, ఎంతసేపైనా మూసుకుపోకుండా అతని టాబ్లెట్‌కి దారిచ్చాను. పది రోజులన్నది నలభై రోజులైంది. అక్క ఇంటికొచ్చి వంట కూడా మొదలుపెట్టింది. ప్రతి శుక్రవారం మినహాయింపుల జాబితాలో ఆ లైను చూస్తూనే ఉన్నాను, వచ్చేవారం తీసేద్దాంలే అని దాటేస్తూనే ఉన్నాను. తీసేస్తే ఆఫీసరుకి మెయిల్ వెళ్తుందిగా! నేను పెట్టించిన ఏర్పాటే నాకు అడ్డమైంది.

ఆ మంగళవారం పొద్దున పదిన్నర దాటాక కంట్రోల్ రూంలోకి వెళ్ళాను. బావ రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకుని తెర వంక చూస్తున్నాడు. తెర మీద క్లోరిన్ మోతాదు రెండు ఉండాల్సింది ఐదు చూపిస్తోంది.

"ఏంటి బావా, ఎందుకు పెంచావ్?"

"నేనెక్కడ పెంచానే? చేతిలో టీ కనబడట్లా?"

మేం చూస్తుండగానే అది ఏడైంది. పక్కన మార్చినవారి పేరు పడింది. బావ పేరు. బావ గ్లాసు పక్కనపెట్టి అంకెని రెండుకి దించాడు. వెంటనే తొమ్మిదికి ఎగిరింది. మళ్ళీ దించబోతే పేజీ అతన్ని బయటికి తోసేసింది. పాస్‌వర్డు కొడితే తప్పంది.

"ఇదేం చోద్యమే! నన్నే వెళ్ళగొడుతోంది!"

"నీ పేరుతో ఇంకెవడో ఉన్నాడు లోపల. లే, లే! నన్ను కూర్చోనీ."

నా పేరుతో లోపలికి వెళ్ళి క్లోరిన్ పంపు ఆపాను. రెండు సెకన్లలో తిరిగి మొదలైంది. మళ్ళీ ఆపాను, మళ్ళీ మొదలైంది. పంపు గదిలోనూ ఒక స్విచ్చు ఉంది గానీ, దాన్ని ఎవరో ఊరికే తిప్పుతున్నారని ఆఫీసరు దాన్ని ఆటోమేటిక్‌లో పెట్టి తాళం వేయించాడు. తాళంచెవి ఆయన జేబులో ఉంది, ఆయన మీటింగుకి వెళ్ళాడు. మోతాదు పెంచుతున్నది మామూలు మనిషి కాదు, మా పేజీ తెలిసినవాడు. మోతాదు పన్నెండైంది.

బావ మొహం పాలిపోయింది. ఇరవయ్యేళ్ళ సర్వీసున్న మనిషిని అలా ఎప్పుడూ చూడలేదు.

"పావుగంటలో ఈ నీళ్ళు ఊళ్ళోకి పోతాయి. పిల్లా పాపా తాగుతారే! నేను పంపు గదికి వెళ్ళి వాల్వు చేత్తో కట్టేస్తా."

"పద, వెళ్ళు."

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఇదిగో, పంపు తిరుగుతుండగా వాల్వు కడితే పైపు పగిలిపోతుంది. నేను అక్కడికి చేరేసరికి నువ్వు వాణ్ణి గెంటేసి పంపు ఆపాలి. చెయ్యగలవా?"

"చేస్తాను బావా. నువ్వెళ్ళు."

"నీ మీద భారం వేసి పోతున్నా," అని బయటికి పోయాడు.

కనెక్షన్ల జాబితా తెరిచాను. లోపలివన్నీ మావే. బయటి నుంచి ఒక్కటే ఉంది, అదెక్కడి నుంచి వచ్చిందో చూడకుండానే తెలుసు నాకు. బావ టాబ్లెట్ కోసం నేను తీసిన దారి. ఆస్పత్రి హాల్లో అందరూ వాడే వైఫై మీద, తెరిచిన ఉత్తరంలా వెళ్ళిన కనెక్షన్‌ని ఎవడో దారిలో పట్టుకుని దాచుకున్నాడు. కనెక్షన్ తెంపాను. తిరిగి వచ్చేసింది. దారి తెరిచి ఉన్నంతసేపూ వస్తూనే ఉంటుంది. మినహాయింపే రద్దు చెయ్యాలి. దానికి ఒక్క నొక్కు చాలు.

ఆ లైను తెరిచాను. ఇచ్చినవారు అన్నచోట నా పేరుంది. ఇచ్చిన తేదీ ఉంది. సంతకం అన్నచోట ఖాళీ. కింద ఎర్రటి బటన్. మౌస్ దాని మీదే ఉంది.

నొక్కలేదు.

ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను గానీ చెప్పాలి. నొక్కగానే మెయిల్ పోతుంది, మీటింగులో అందరి మధ్యా కూర్చున్న ఆఫీసరు దాన్ని చూస్తాడు, ఊరందరికీ తాళాలు వేసి ఇంట్లోవాళ్ళకి దొడ్డితలుపు తీసిందని నలుగురూ నవ్వుతారు. నా బుర్రలో తిరిగింది ఇదే. వెనకాల ఫైల్లోకి వెళ్ళి ముందు నా పేరు చెరిపేస్తే చాలుననిపించింది. అర నిమిషం పని, బావ అక్కడికి చేరేలోపు అయిపోతుంది అనుకున్నాను. ఫైల్ తెరిచాను. పాస్‌వర్డు అడిగింది. కంగారులో తప్పు కొట్టాను. మళ్ళీ కొట్టాను. లోపలికి వెళ్ళి లైను కోసం వెతుకుతున్నాను. పక్క తెర మీద మోతాదు పదహారు దాటింది. వెతుకుతూనే ఉన్నాను.

అప్పుడు పంపు గది వైపు నుంచి ఢామ్మని చప్పుడైంది. వెంటనే మనిషి కేక.

ఫైల్ అలాగే వదిలేసి ఎర్ర బటన్ నొక్కాను. బయటి కనెక్షన్ పోయింది, ఇక రాలేదు. పంపు ఆపాను. ఆగింది. ఊళ్ళోకి నీళ్ళు వదిలే గేటు మూశాను. ఇవన్నీ కలిపి పది సెకన్లు కూడా పట్టలేదు.

పరిగెత్తుకెళ్ళేసరికి బావ గుమ్మంలో మోకాళ్ళ మీద పడి ఉన్నాడు. పగిలిన జాయింటులోంచి క్లోరిన్ నీళ్ళు గోడంతా చిమ్మి ఉన్నాయి. మొహం రెండు చేతులతో కప్పుకుని దగ్గుతున్నాడు. గొట్టంతో మంచినీళ్ళు కొడుతూ కళ్ళు తెరవమని అరిచాను. దగ్గు మధ్యలోనే, "ఊళ్ళోకి పోయాయా?" అని అడిగాడు.

"పోలేదు బావా. ఆపేశాను."

"శభాష్," అన్నాడు.

అయిదోరోజు ఆఫీసరు ఆస్పత్రికి వచ్చాడు. అక్క మంచం పక్కన కూర్చుని ఉంది, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. బావ రెండు కళ్ళకీ కట్లున్నాయి. కుడికన్ను దక్కుతుందట, ఎడమదాని మీద డాక్టరు ఆశ పెట్టుకోవద్దన్నాడు. వచ్చినవాడెవడో ఇంతవరకూ పోలీసులు పట్టుకోలేదు.

"తప్పు నాదే సార్," బావ పైకి లేవబోయాడు. "టాబ్లెట్ నాది. కాళ్ళావేళ్ళా పడి అడిగాను. పిల్లనేం అనకండి."

ఆఫీసరు నా వంక చూశాడు. మెయిల్ ఆయనకి అందింది. మీటింగులోనే చూశాడట. ఎవరూ నవ్వలేదట.

"సంతకం లేకుండా ఇవ్వడం తప్పే. మెమో ఇస్తాను," అన్నాడు. "కానీ సమయానికి రద్దు చేసింది. ఊరు గండం గట్టెక్కింది. అదే రాశాను రిపోర్టులో."

ఆయన వెళ్ళిపోయాక బావ నవ్వబోయి దగ్గాడు. "చూశావా, నీ చెల్లెలు! వాడెవడో ఎంత అడ్డం పడ్డాడో ఏమో, పాపం, వాడితో కుస్తీ పట్టి మరీ ఆపింది."

అక్క లేచి వచ్చి నా తల నిమిరింది. ఆ చెయ్యి ఇంకొక్క క్షణం నా తల మీదుంటే ఇక జన్మలో చెప్పలేనని తెలిసిపోయింది.

"అడ్డం పడింది వాడు కాదు బావా," అన్నాను. "బటన్ నా చేతి కిందే ఉంది. నొక్కితే నా పేరు బయటపడుతుందని నొక్కలేదు. ముందు పేరు చెరుపుదామని కూర్చున్నాను. నీ కేక విన్నాకే నొక్కాను."

అక్క చెయ్యి నా తల మీంచి జారిపోయింది.

"ఎంతసేపు?" అన్నాడు బావ.

కంప్యూటర్ రాసుకునే లాగ్‌లో సెకన్లతో సహా ఉంది. పదీ నలభై ఒకటీ ఎనిమిది సెకన్లకి ఆ లైను తెరిచాను. పదీ నలభై రెండూ యాభై సెకన్లకి రద్దు చేశాను. ఈ అయిదు రోజుల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

"నిమిషం నలభై రెండు సెకన్లు."

బావ కట్లు కట్టిన మొహాన్ని నా గొంతు వినిపించిన వైపుకి తిప్పాడు.

"నేను ఆ రోజు పరిగెత్తలేదే," అన్నాడు. "పరిగెత్తితే నీకు టైం చాలదేమోనని నడిచే వెళ్ళాను. గుమ్మం దగ్గర ఆగి వంద లెక్కపెట్టాను కూడా. పాపం కంగారు పడుతుంటుంది అనుకుని. మిగతా పంపుల హోరులో ఆగిందో లేదో తెలియలేదు, ఆపేసే ఉంటావని కట్టాను."

అక్క కంట్లో వేసే చుక్కల మందు సీసా చేతిలోకి తీసుకుంది. దాని మూత తీయడానికి రెండుసార్లు ప్రయత్నించి, తీయలేక, నా వంక చూడకుండా అంది.

"ఇవాళ్టికి వెళ్ళవే. మళ్ళీ నేను ఫోన్ చేసి రమ్మనేదాకా రాకు."