జానెడు పాస్

పన్నెండేళ్ళు ఎమిల్ హలుస్కా చేతులు నా పిర్రల కింద ఉన్నాయి. నవ్వకండి, అది నా ఉద్యోగం. మా ఆటలో, అదే అమెరికన్ ఫుట్‌బాల్‌లో, సెంటర్ అనేవాడు వంగి నిలబడి కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి అందించాలి. వెనకున్న క్వార్టర్‌బ్యాక్ దాన్ని అందుకుని విసరాలి. అందించేవాణ్ణి నేను, విసిరేవాడు ఎమిల్. ఆ బంతిని మనవాడు పట్టుకుని చివరి గీత దాటాడా, అది టచ్‌డౌన్ పాస్. మొత్తం లీగ్‌లో అలాంటివి అందరికంటే ఎక్కువ విసిరినవాడు ఎమిల్. పాతికేళ్ళ పైమాటే, ఆ రికార్డు వాడి పేరునే ఉంది. అందించినవాడి లెక్క ఎవడూ రాయడు. నాకేం బాధ లేదు. ఉన్నా చెప్పను.

ఇప్పుడా రికార్డు పోయే రోజొచ్చింది. మా పాత జట్టులోనే, ఎమిల్ నిలబడిన చోటే నిలబడి ట్రెవిన్ మాబ్రీ దాన్ని దాటబోతున్నాడు. ఇంకో రెండు పడితే సరి.

మాలో ఒక పద్ధతుంది. రికార్డు పోగొట్టుకున్నవాడు కొత్తవాణ్ణి మెచ్చుకుంటూ నాలుగు మాటలు చెప్పాలి. వాటిని ముందే వీడియో తీసి దాచిపెట్టి, రికార్డు పడిన నిమిషాన స్టేడియంలో పెద్ద తెర మీద వేస్తారు. చూసేవాళ్ళు అప్పటికప్పుడు అన్నమాటే అనుకుంటారు. బతికుండగానే మన దినం భోజనాలకి మనమే వడ్డించినట్టుంటుంది.

ఆ వీడియో కోసం జట్టు ఆఫీసునుంచి కెండ్రా అనే అమ్మాయి కెమెరా మనుషుల్ని వెంటబెట్టుకుని నది పక్కనున్న ఎమిల్ ఇంటికొచ్చింది. పొద్దున్నే ఎమిల్ భార్య వెర్నా నాకు ఫోన్ చేసింది. "రూఫస్, నువ్వూ రావయ్యా. నువ్వు పక్కనుంటే ఆయన నోరు కాస్త తిరుగుతుంది" అంది. ఆటలో తలకి తగిలిన దెబ్బలన్నీ కలిసి ముసలితనంలో ఎమిల్‌ని పట్టుకున్నాయి. చేతులు వణుకుతాయి. మాట నాలుక మీదే ముద్దైపోతుంది.

వెర్నా అక్రోట్ల రొట్టె కోసి పెట్టింది. కెండ్రా దాన్ని ముట్టుకోకుండా ఒక అట్ట తీసి చదివింది.

"'ట్రెవిన్, అలాంటి త్రో నా జన్మలో చూడలేదు. మంచులో నేను అరవై గజాలు విసిరింది కూడా దీని ముందు దిగదుడుపే.' ఇంతే సార్. చాలా సింపుల్."

"ఏ త్రో?" అన్నాడు ఎమిల్.

"ఆయన విసరబోయేది సార్."

"విసరనీ. చూసి చెప్తా. పెళ్ళికూతుర్ని చూడకుండా చక్కదనం ఎట్లా పొగుడుతారమ్మా?"

"అందరూ ఇలాగే చేస్తారు సార్."

నేనూరుకోలేదు. "అమ్మాయ్, ఒకవేళ మాబ్రీ కాలుజారి పడుతూ పడుతూ విసిరాడనుకో. అప్పుడూ ఇదే వేస్తారా?"

"మాబ్రీ అలా విసరరండీ" అని నవ్వింది. జీతం తీసుకునేవాళ్ళ నవ్వు.

ఎమిల్ అట్టని మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. "సరే, చెప్తా. నాదొక్క మాట. ఆ రోజు నన్ను మైదానంలోకి పిలవాలి. రికార్డు పడిన బంతి నా చేత్తో వాడికివ్వాలి. నేను రికార్డు కొట్టిన రోజు నా ముందటాయన ఊతకర్ర పట్టుకుని మధ్యగీత దాకా నడిచొచ్చి నాకిచ్చాడు. ఏడుపు దిగమింగుకుంటూ ఇచ్చాడు. అది నేనూ చెయ్యాలి."

"తప్పకుండా సార్! మేమూ అదే అనుకున్నాం."

ఇక మొదలైంది. 'జన్మలో' దగ్గర నాలుక మడతపడేది. అది దాటితే 'దిగదుడుపే' దగ్గర తెగేది. కెమెరా వాళ్ళు రెండుసార్లు బ్యాటరీలు మార్చారు. వెర్నా వంటగదిలోకి పోయి కుళాయి విప్పుకుంది, వినపడకుండా. చీకటి పడబోతుండగా ఆ రెండు వాక్యాలూ శుభ్రంగా వచ్చాయి. కెండ్రా చప్పట్లు కొట్టింది. ఎమిల్ చొక్కా వీపంతా తడిసిపోయింది.

మర్నాడు నన్ను గ్యారేజీలోకి పిలిచాడు. మంచు తోసే మిషను పక్కన బంతి పట్టుకుని నిలబడున్నాడు.

"ప్రాక్టీసు చేద్దాం రా."

"దేనికిరా?"

"బంతి ఇవ్వడానికి."

"ఇవ్వడానికి ప్రాక్టీసేంట్రా, పిచ్చోడా!"

"స్టేడియమంతా చూస్తుండగా చేతిలోంచి జారిపోతే?"

మాబ్రీనై ఎదురుగా నిలబడ్డాను. "మాబ్రీ అందగాడురా, కాస్త నవ్వు. నీ మొహం చూస్తే ఇవ్వబుద్ధి కావట్లేదు" అన్నాడు. "నువ్వు సరిగ్గా ఇస్తే నవ్వుతా, ముందివ్వు" అన్నాను. బంతి జారి సిమెంటు మీద అడ్డదిడ్డంగా గెంతుకుంటూ కారు కిందికి పోయింది. నేనే మోకాళ్ళ మీద పాకి తెచ్చాను. గాలివానలో పరిగెత్తేవాడి రొమ్ముకి గురిచూసి కొట్టిన మనిషి, మూరెడు దూరంలో ఉన్న నాకు ఇవ్వలేకపోతున్నాడు. చివరికి ఒక ఉపాయం దొరికింది. మోచేతులు రెండూ డొక్కలకి బిగించి, శరీరమంతా ముందుకు వంచి ఇస్తే జారదు. ఆ వారమంతా అదే చేశాం. ఆదివారం వచ్చేసరికి బంతి ఒక్కసారి కూడా జారడం లేదు.

ఆ ఆదివారం మా ముగ్గుర్నీ స్టేడియంలో పైనున్న అద్దాలగదిలో కూర్చోబెట్టారు. ఎమిల్ వేసుకున్న పాత జట్టు కోటుకి వెర్నా గుండీలు పెట్టింది. బల్ల నిండా కోడి రెక్కల వేపుడు. ఎమిల్ ఒక్కటీ తినలేదు, చేతులకి జిడ్డంటుతుందని. అంటకపోయినా రుమాలుతో తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆట సగంలోపే మాబ్రీ ఒకటి వేశాడు. అద్భుతమైన బంతి, చెప్పుకోవాలి. ఇద్దరు మీద పడుతుంటే వాళ్ళ మధ్యనుంచి పంపాడు. ఎమిల్ లేచి చప్పట్లు కొట్టాడు. "చూశావా రూఫ్? దీనికైతే ఆ మాటలు సరిపోతాయి" అన్నాడు. ఇద్దరూ సమానమయ్యారు. కెండ్రా తలుపు తెరిచి, "తర్వాతది పడగానే కిందికెళ్దాం సార్" అని చెప్పి పోయింది. అంతే, ఎమిల్ మళ్ళీ కూర్చోలేదు.

మూడో భాగంలో మా జట్టు గీతకి గజం దూరంలో ఉంది. గజం దూరంలో ఎవడైనా పొట్టకి బంతి కరుచుకుని గుద్దుకుంటూ లోపలికి పోతాడు. మాబ్రీ బంతి అందుకున్నాడు. సన్నగా ఉండే కుర్రాడొకడు అతని ముందునుంచి అడ్డంగా దూసుకెళ్తున్నాడు. మాబ్రీ బంతిని విసరలేదు. వేళ్ళతో అలా ముందుకి నెట్టాడు, పక్కింటావిడకి గోడమీంచి కూరగిన్నె అందించినట్టు. జానెడు దూరం. కుర్రాడు దాన్ని పొట్టకదుముకుని గీత దాటాడు.

అది మామూలు పరుగేనని జనం అనుకున్నారు. కానీ రూలు ప్రకారం చెయ్యి వదిలి జానెడు ముందుకి కదిలినా అది పాసే. మైకులో ఆ ముక్క చెప్పారు. రికార్డు పడింది.

పైన పెద్ద తెర వెలిగింది. దాన్నిండా ఎమిల్ మొహం. ఒక్క తడబాటు లేకుండా, ఒక్కో మాటా మేకు దిగేసినట్టు అన్నాడు: "ట్రెవిన్, అలాంటి త్రో నా జన్మలో చూడలేదు. మంచులో నేను అరవై గజాలు విసిరింది కూడా దీని ముందు దిగదుడుపే."

తర్వాత ఎక్కడో ఒకడు నవ్వాడు. వాడి వెనక స్టేడియమంతా నవ్వింది. గదిలో వడ్డించేవాడు ట్రే కిందపెట్టి మరీ నవ్వి, "ఏం దెబ్బ కొట్టారు సార్!" అన్నాడు.

కింద మాబ్రీ తెరకేసి చూస్తున్నాడు. హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు.

ఎమిల్‌కి ఇదేం ఎక్కలేదు. మోచేతులు డొక్కలకి బిగించి తలుపుకేసి తిరిగి నిలబడ్డాడు. "వస్తుందిప్పుడు" అన్నాడు.

కెండ్రా వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "సార్, చిన్న మార్పండి. బంతి కోచ్ గారే ఇచ్చేస్తున్నారు. ట్రెవిన్ ఇప్పుడు కొంచెం... మీరు కిందికొస్తే ఆట ఆపేసి వెళ్ళిపోతానంటున్నారు."

"ఎందుకు?"

"మీరు వెక్కిరించారనుకుంటున్నారు సార్."

"ఆ మాట రాసింది నువ్వు కదే!" అని నేను లేచాను. "పోయి చెప్పు వాడికి. మైకులో చెప్పు, అందరూ వింటారు."

"ఆట తర్వాత చూద్దామండీ. ఇప్పుడు కుదరదు" అంటూనే తలుపు వేసుకుని పోయింది.

అద్దంలోంచి చూశాం. కోచ్ బంతిని మాబ్రీకి ఇస్తే, అతను దాన్ని చూడకుండానే పక్కవాడి చేతిలో పడేశాడు. ఎమిల్ చేతులు ఇంకా డొక్కలకే ఉన్నాయి. వెర్నా వాటిని మెల్లగా విడదీసి కిందికి దించింది.

ఆట తర్వాత ఎవరూ ఏమీ చూడలేదు. ఆరోగ్యం బాగాలేక హలుస్కా మైదానంలోకి రాలేకపోయారని మర్నాడు జట్టువాళ్ళు ప్రకటించారు. పత్రికల్లో మాత్రం వాడి వాక్యమే. ఎన్నేళ్ళుగానో ఎవరికీ గుర్తుకురాని మనిషి ఫోటో దేశమంతా తిరిగింది. కింద ఏం రాశారంటే, అందరికంటే కుళ్ళుబోతు ముసలాడు అని. మెచ్చుకోలుగానే రాశారు.

ఆ వారం మా ఊరి టిఫిను దుకాణానికి వెళ్ళాం. తలుపు తియ్యగానే కేకలు. పాత ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళంతా బల్లలు చరిచారు.

"రావయ్యా ఎమిల్! వాడి పరువు జానెడు చేసి వదిలావుగా!"

"ఆ జానెడు ఎమిల్‌గాడి ముక్కంత కూడా లేదురోయ్!"

కూర్చుంటూనే నేను నోరు తెరిచాను. అది వాడి మాట కాదనీ, చీకటిపడేదాకా వాడిచేత చదివించారనీ చెప్పబోయాను. బల్ల కింద ఎమిల్ నా తొడ మీద చెయ్యివేసి నొక్కాడు.

కాఫీలొచ్చి, మనుషులు కాస్త పల్చబడ్డాక అడిగాను, "చెప్పనివ్వవేంరా?"

మాటలు ఏరుకుంటూ చెప్పాడు. "ఏం చెప్తావు? ముందర పెట్టింది చదివాడు, పాపం వెర్రిబాగులోడు అనా? ఎట్లాగూ ఇక నేను రెండింట్లో ఒకటి అవుతా. వెర్రోణ్ణో, కుళ్ళుబోతునో. కుళ్ళుబోతునే కానీ. కుళ్ళుబోతుని చూసి ఎవడూ పాపం అనడు."

"మాబ్రీ ఏమనుకుంటాడు?"

"కోచ్ ఇస్తే పక్కవాడి చేతిలో పడేశాడు చూశావుగా బంతి. నేనిచ్చినా అంతేనేమో."

అంతలో పక్క బల్లమీది ముసలాయన కుర్చీ జరుపుకుని వచ్చాడు. "ఎమిల్, నిజం చెప్పు. ఆ మాట అప్పటికప్పుడు పుట్టిందా, ముందే ఆలోచించి పెట్టుకున్నావా?"

ఎమిల్ నావైపు చూడలేదు. మూతి ఒక పక్కకి లాగి నవ్వాడు. "ఎప్పట్నించో నూరుకుంటున్నా" అన్నాడు.

ముసలాయన వాడి భుజం చరిచి, మూడు కాఫీలు ఇంకా తెమ్మని కేకేశాడు. నేను నాది తాగకుండా లేచొచ్చాను.