ఆరు రంధ్రాలకు ఆరు బొట్లు

నూట ముప్పై ఏళ్ల కిందట తోళ్ల వ్యాపారులు తిరిగిన దారిలోనే వ్యోమింగ్ కొండల్లో కొందరు స్నేహితులతో కలిసి తొమ్మిది రోజులు నడవాలని ఫ్రాంక్ అనే రిటైర్డ్ హిస్టరీ మాస్టారికి బుద్ధి పుట్టింది. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఆ కాలంలో లేని వస్తువేదీ మూటలో ఉండకూడదు. టార్చిలైటు లేదు, జిప్పు లేదు. ఎలుగుబంట్లు మాత్రం అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి కాబట్టి ఇద్దరికొక పాతకాలపు పిస్తోలు ఉండాలన్నాడు.

ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఆయన పక్కింట్లో ఉండే కృష్ణమోహన్ కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఫ్రాంక్‌కి ఎడమ మోకాలు సరిగా వంగదు, పరిగెత్తలేడు. ముసలాయన నడకకి తగ్గట్టు నడవడానికి ఒప్పుకున్నది కృష్ణమోహన్ ఒక్కడే. అందుచేత పిస్తోలు పట్టాల్సింది కూడా అతనే అయింది. తిరనాళ్లలో బుడగలు కొట్టడం తప్ప తుపాకీ ఎరగని మనిషి చేతిలో ముసలాయన ప్రాణం పెట్టారన్నమాట.

1984 సెప్టెంబరులో ఇద్దరూ ఫీనిక్స్‌లో పాత తుపాకులు అమ్మే కొట్టుకి వెళ్లారు. ఫ్రాంక్ నేరుగా ఒక బండ పిస్తోలు తీసి అతని చేతిలో పెట్టాడు. రెండు కిలోలకు కాస్త తక్కువ.

"ఎలుగుబంటికి ఇదే సరి. మిగతావి దానికి కోపం తెప్పిస్తాయంతే," అన్నాడు.

కృష్ణమోహన్ దాన్ని రెండు చేతులా లేపి చూసి కింద పెట్టేశాడు. పక్కనున్నది సన్నంగా, తేలిగ్గా ఉంది. వాల్‌నట్ చెక్క పిడి, గుండ్లు కూరే గుండ్రటి దిమ్మె చుట్టూ చెక్కిన ఓడలు. చీర కొనేటప్పుడు అంచు చూసి మనసు పారేసుకుంటుందని భార్య శశికళను ఎన్నిసార్లు వెక్కిరించాడో లెక్కలేదు. ఇప్పుడు ఈయనగారు ఓడలు చూసి పారేసుకున్నాడు.

"దీంతో నాకు ఎయిమ్ బాగా కుదురుతుంది," అన్నాడు. ఫ్రాంక్ ఒక చూపు చూసి, బండ పిస్తోలుని దాని చోట పెట్టేశాడు.

దాన్ని నింపడం పెద్ద తతంగం. ఆరు గదుల్లో మందు పోసి, సీసపు గుండ్లు కూరి, వెనకనున్న ఆరు సన్నటి రంధ్రాల మీద చిన్న రాగి టోపీలు పెట్టాలి. మీట నొక్కితే పడే సుత్తి దెబ్బకి టోపీ పేలితే ఆ నిప్పు రంధ్రంలోంచి మందుకు అంటుకుంటుంది. నింపే ముందు ప్రతిసారీ ఉత్త టోపీలు పేల్చి, రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసుకోమని ఫ్రాంక్ మరీ మరీ చెప్పాడు. ప్రాక్టీసులో అది చక్కగా పేలింది.

బయలుదేరడానికి వారం ముందు దసరా వచ్చింది. శశికళ కారుకి, కుట్టుమిషనుకి, మిక్సీకి బొట్టు పెట్టింది.

"ఏవండీ, ఆ పిస్టల్ కూడా ఇలా ఇవ్వండి. ఆయుధపూజ నాడు అసలైన ఆయుధం ఇంట్లో పెట్టుకుని మిక్సీకి చేస్తే ఏం బావుంటుంది?"

"ఎక్కువ పూయకు శశీ. యాంటీక్ అది."

ఆమె ఏ పనైనా శ్రద్ధగా చేస్తుంది. ఆరు రంధ్రాలకూ తడి పసుపు రాసి, ఆరు కుంకుమ బొట్లు పెట్టింది. మర్నాడు కృష్ణమోహన్ పిస్తోలు తళతళలాడేదాకా గుడ్డతో రుద్దాడు. ఆ రుద్దుడుకి ఏది లోపలికి పోయిందో చూడలేదు. దుమ్మురేణువు పడితే చిప్ చెడుతుందని ఫ్యాక్టరీలో రోజూ అందరి ప్రాణం తీసే మనిషి, క్యాంపులో టోపీలు పేల్చి చూడకుండానే మందు నింపేశాడు. మొన్న బాగానే పేలిందిగా అనుకున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఫ్రాంక్ వాగు పక్కన రాతి మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. మిగతావాళ్లు చాలా ముందు వెళ్లిపోయారు. ఇరవై అడుగుల అవతల పొదలు కదిలి, ఎలుగుబంటి వెనక కాళ్ల మీద లేచి నిలబడింది.

కృష్ణమోహన్ ఫ్రాంక్‌కి అడ్డంగా వచ్చి, రెండు చేతులతో గురిపెట్టి మీట నొక్కాడు. టోపీ టప్‌మంది, అంతే. మళ్లీ నొక్కాడు, మళ్లీ టప్. భయం కంటే ముందు అతనికి చచ్చేంత సిగ్గేసింది. తనని నమ్మి వచ్చిన మనిషి వెనకాల ఉన్నాడు.

ఫ్రాంక్ అతని చొక్కా పట్టుకుని, "ఇంక నొక్కకు," అన్నాడు. తర్వాత క్లాసులో పాఠం చెప్పే గొంతుతో ఎలుగుబంటితో ఏదో మాట్లాడుతూ అతన్ని ఒక్కో అడుగే వెనక్కి లాగాడు. అది కాసేపు చూసి, నాలుగు కాళ్ల మీదికి దిగి, పొదల్లోకి వెళ్లిపోయింది.

చాలా దూరం వచ్చాక ఫ్రాంక్ పిస్తోలు విప్పి రంధ్రంలో సూది పెట్టి తిప్పాడు. పచ్చటి పొడి రాలింది.

"ఏమిటిది?"

"పసుపు. మా ఆవిడ పూజ చేసింది. నువ్వు చెప్పినట్టు చూసుకోలేదు. తప్పు నాది."

"ఎక్కడ గురిపెట్టావు?"

"రొమ్ముకి."

"తగిలేదే. తగిలి కొవ్వులో ఆగిపోయేది. ఆ కోపంతో అది మన మీదికి వచ్చేది." ఫ్రాంక్ మోకాలు చూసుకున్నాడు. "ఆ కొట్లో నేను నోరు తెరవాల్సింది."

ఇంటికొచ్చాక కృష్ణమోహన్ భార్యకు ఏదీ దాచకుండా చెప్పాడు. శశికళ మొహం చేతుల్లో దాచుకుంది.

"నా చేతులతో నేనే మిమ్మల్ని చంపుకునేదాన్ని," అంది.

"నువ్వు కాదు, అది పేలి ఉంటేనే చచ్చేవాళ్లం. ఆ ఓడలు చూసి ఎంచినవాణ్ణి నేను."

మరుసటి ఏడు దసరాకి ఆమె పిస్తోలు ముట్టుకోలేదు. కృష్ణమోహనే పసుపు తడిపి, ఆరు రంధ్రాలూ పూడేలా రాసి, ఆరు బొట్లు పెట్టాడు. మర్నాడు దాన్ని తుడవలేదు.