నల్లరాతి మీద ఒక్క మాట

నంద్యాల కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే జబీనా ఆ మధ్యాహ్నం ఆళ్లగడ్డలో బస్సు దిగి, ఓబులేసు శిల్పశాలకు దాదాపు పరుగెత్తింది. తాను చదువుకున్న బాలికల పాఠశాలకు పాత విద్యార్థినులంతా కలిసి లైబ్రరీ కట్టించారు. ఆదివారమే ప్రారంభం. తాము రాసిచ్చిన శిలాఫలకంలో ఒక మాట తప్పు పడబోతోందని ఆమెకు ఉదయమే తట్టింది.

ఓబులేసు నల్లరాయి మీద సుద్దతో ఇంగ్లీషు అక్షరాలు గీసి, అప్పుడే ఉలి అందుకున్నాడు.

“ఉండన్నా, ఆ ‘అలమ్నై (alumni)’ చెక్కొద్దు,” అంది జబీనా రొప్పుతూ. “అంతా ఆడోళ్లే అయితే ‘అలమ్నీ (alumnae)’. ఆఖర్న ఐ తుడిచేసి ఏ, ఈ రాయాల.”

“ఏందీ మేడమ్, పాత పిల్లోళ్లు అనేదానికి ఇన్ని రకాలా?”

“లాటిన్ నుంచి వచ్చిన మాటన్నా. ఒక ఆడపిల్లయితే అలమ్నా, ఒక మగపిల్లోడైతే అలమ్నస్. గుంపులో ఒక్క మగోడున్నా అలమ్నై అనాల. మా బళ్లో మగోళ్లు యాడుండారు?”

ఓబులేసు తుడవలేదు.

“నేనుండా మేడమ్.”

జబీనాకు అర్థం కాలేదు.

“మాయమ్మ రంగమ్మ ఆ బళ్లో ఆయా. ఇంటికాడ నన్ను చూసుకునేటోళ్లు లేరని ఎనభై నాలుగులో పెద్ద టీచరమ్మ చేర్చుకునింది. ఐదు దాకా ఆడనే సదివినా. అంతమంది గౌన్లలో నాదొక్కటే నిక్కరు.”

జబీనా వెంటనే ఫోన్ తీసి, అదే బడిలో టీచరుగా ఉన్న తన స్నేహితురాలికి చేసింది. “సంధ్యా, ఎనభై నాలుగు అడ్మిషన్ రిజిస్టర్ తియ్యే, బేగా. ఓబులేసు అనే పిల్లోడి పేరుందేమో చూసి చెప్పు.”

పది నిమిషాలు ఇద్దరూ ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నారు. అది మోగగానే జబీనా స్పీకరు నొక్కింది.

“ఉండాడే,” అంది సంధ్య. “ఓబులేసు. తల్లి రంగమ్మ. ఒకటో తరగతి.”

ఓబులేసు చేతిలోని ఉలి కింద పెట్టేశాడు. కళ్లు తుడుచుకుని, “నా ఒక్కనికోసం మాట మార్చొద్దు మేడమ్. మీరు చెప్పిందే చెక్కుతా,” అన్నాడు.

“వద్దన్నా. ఉన్నోణ్ణి లేడని రాతి మీద ఎట్ల రాస్తాం? నువ్వు గీసిందే కరెక్టు. కానియ్యి, చెక్కు.”

ఆదివారం అతను తెల్లచొక్కా వేసుకుని వచ్చి, చీరల మధ్య ఒక మూల కూర్చున్నాడు. సంధ్య సరదాగా పాత రిజిస్టర్ తెరిచి హాజరు పిలిచింది. తన పేరు వినపడగానే ఓబులేసు లేచి, చేతులు కట్టుకుని, “ప్రెజెంట్ టీచర్,” అన్నాడు.