పెంపులో సగం

మా ఆయనది సెలూన్. నలభై ఏళ్లుగా అదే కుర్చీ, అదే అద్దం, అదే మొండితనం. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ఏ షేరు కొనాలో, ఏ స్థలం కొనాలో చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. ఈయన ఊకొడుతూ కత్తెర ఆడించేవారు. ఒక్కటీ కొనేవారు కాదు.

ఆయనకున్నది ఒకటే నియమం. కటింగు రేటు పెంచినప్పుడల్లా ఆ పెంపులో సగం ఇంటికి రాదు, నెలనెలా మ్యూచువల్ ఫండులోకి పోతుంది. ఇరవై రెండేళ్ల క్రితం మొదలుపెట్టారు.

"ఈ ఒక్క ఏడాదికి మొత్తం ఇంట్లో ఇవ్వండి" అని ఎన్నిసార్లు బతిమాలానో.

"నిన్నటిదాకా లేని డబ్బే కదే. సగం వచ్చినా లాభమే" అనేవారు.

పిసినారి అని మనసులో వెయ్యిసార్లు తిట్టుకున్నాను. పైకి ఓ వందసార్లు.

ఒక ఏడాది షేర్ మార్కెట్ కుప్పకూలింది. మేం షేర్ల బాబాయ్ అని పిలుచుకునే పెద్దమనిషి కుర్చీలో కూర్చుని నోరు మెదపలేదట. ఈయన ఆయనకి ఊరికే తల మర్దనా చేసి పంపించి, ఇంటికొచ్చి శుభ్రంగా భోంచేశారు. మన డబ్బు కూడా తీసేయండని నేను కాళ్లావేళ్లా పడ్డాను.

"నేను కటింగు ఆపానా? లేదుగా. అదీ అంతే, ఆపేది లేదు" అన్నారు.

పోయిన నెల ఆయన చెయ్యి వణకడం మొదలైంది. గడ్డం గీస్తుంటే ఒకాయన చెవి కింద గాటు పడింది. పాత పరిచయం కాబట్టి ఆయన నవ్వేశాడు. ఈయన మాత్రం ఆ రోజు మళ్లీ కత్తి ముట్టలేదు. వణుకు ఇక తగ్గేది కాదని డాక్టరు చెప్పేశాడు. మాకు పింఛను లేదు. మా కూతురి సంసారం దానిది. సెలూన్ మూసేస్తే రేపటినుంచి ఏం తిని బతకాలి?

ఇద్దరం ఫండు ఆఫీసుకి వెళ్లాం. అక్కడ పనిచేసే అమ్మాయి కంప్యూటర్ తెర మా వైపు తిప్పింది. నేను అంకెలు వేలితో లెక్కపెట్టాను. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాను.

"మీరు కట్టింది ఇందులో మూడో వంతు కూడా లేదమ్మా" అంది.

"మిగతాది ఎవరు కట్టారు?" అన్నారాయన.

"ఎవరూ కట్టలేదు సార్. కంపెనీలు సంపాదించాయి, మధ్యలో పడ్డాయి, మళ్లీ లేచాయి. మీరు కదిలించలేదు. అంతే."

నేను సణిగిన రోజుల్లోనూ, పిల్లకి జ్వరమొచ్చి ఆసుపత్రి బెంచీమీద కూర్చున్న రోజుల్లోనూ అది దాని పాటికి పెరుగుతూనే ఉంది. నా మొగుడు ఏ గొప్పా చెప్పుకోకుండా ఇంత పని చేశాడా అనిపించి, ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాను.

నెలకి ఎంత కావాలని ఆ అమ్మాయి అడిగింది. సెలూన్ మీద ఎంతొస్తుందో అంతే చెప్పారాయన.

"అంతకంటే ఎక్కువే తీసుకోవచ్చు సార్. ఏడాదికోసారి కూర్చుని చూసుకుందాం. ఇంకేమైనా అవసరాలున్నాయా?"

ఆయన నా వైపు తిరిగారు. "నీకేం కావాలో చెప్పు" అన్నారు.

పాలు ఎంత తగ్గించాలో, కరెంటు ఎక్కడ ఆదా చెయ్యాలో రాసుకొచ్చిన చీటీ నా సంచిలో ఉంది. కావలసినవాటికి చీటీ నేనెప్పుడూ రాయలేదు. ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తుకు రాలేదు, కన్నీళ్లు మాత్రం వచ్చేశాయి.

"తొందరేం లేదు, ఆలోచించుకో" అన్నారాయన.