దీపాల కింద నడిమి చోటు

పక్కింటావిడ అన్న మాటను అత్తగారు మోసుకొచ్చి వంటింట్లో దించింది. "మీ పెద్దకోడలు గంటన్నర కూర్చుని వేసే పూత మీ చిన్నకోడలు నాలుగు నిమిషాల్లో వేసేస్తోందటగా అని అడిగిందే. నాకేం తెలుసు? అవునేమో అన్నాను."

అత్తగారికి నిజంగానే ఏమీ తెలియదు. కోడళ్ళిద్దరూ ఒకే చోట పనిచేస్తారనీ, గాజు మీద సిలికాన్ పొర వేసి ఎండను కరెంటు చేసే బిళ్ళలు తయారుచేస్తారనీ మాత్రం తెలుసు.

పెద్దకోడలి చేతిలో గరిటె ఆగింది. "నాలుగు నిమిషాల్లో ఉడికింది ఎవరు తింటారో తినమనండి," అంది.

ఆమెది పదకొండేళ్ళ నాటి ప్లాస్మా యంత్రం. గాలి లాగేసిన ఉక్కు గదిలోకి సిలేన్ వాయువు వదిలి ఊదారంగు వెలుగు రగిలిస్తే, గాజు మీద పొర మంచు పట్టినట్టు మెల్లగా పట్టేది. పంపు గొంతు కాస్త జీరబోయినా ఆమె చెవికి తెలిసిపోయేది. చిన్నకోడలు నిరుడు చేరింది. ఆ పిల్ల యంత్రంలో తెల్లగా కాలే టంగ్‌స్టన్ తీగలుంటాయి. వాయువు తీగను తాకీ తాకగానే విరిగి గాజు మీద పొరై కూర్చుంటుంది. మధ్యాహ్నానికల్లా పని ముగించుకుని గోళ్ళు చూసుకుంటూ కూర్చునేది. అది చూసి పెద్దకోడలు కళ్ళల్లో నిప్పులు పోసుకునేది.

"ఏంటక్కా, ఇంకా కాలేదా?"

"మాది కాన్పు తల్లీ, నీది తుమ్ము."

ఇలా ఉండగా పనిచోట పెద్దసారు ఒక కబురు చెప్పాడు. పెద్ద యంత్రం ఒకటి కొంటున్నారు. ఇద్దరి పద్ధతుల్లో ఏది నెగ్గితే ఆ పద్ధతిది కొంటారు, నెగ్గినావిడ చేతికే ఇస్తారు. ఓడిన యంత్రాన్ని విప్పి గోదాములో పడేస్తారు. పందెం ఏమిటంటే, చెరి ఆరు బిళ్ళలు వారం పాటు దీపాల కింద పెట్టాలి. ఈ పొరకో జబ్బుంది. వెలుగులో ఉన్నకొద్దీ నీరసించి కరెంటు తక్కువ ఇస్తుంది. ఎవరివి తక్కువ నీరసిస్తే వాళ్ళదే గెలుపు.

బిళ్ళలు సర్దే పని సీనియర్‌గా పెద్దకోడలిదే. దీపాల వెలుగు అంచుల్లో పలచన, నడుమ చిక్కన. తనవి అంచున పెట్టుకుంది. తోడికోడలివి నడిమధ్యకు జరిపింది.

"నీవి మధ్యలో పెడుతున్నానమ్మాయ్, అందరికీ కనిపించేట్టు."

"మీ మనసు వెన్నక్కా."

ఆ వారమంతా పెద్దకోడలు ఇంట్లో ఎవరినీ కసురుకోలేదు. తోడికోడలికి దగ్గరుండి వడ్డించింది. మరిది కంగారుపడి, "వదినకి ఒంట్లో బాగానే ఉందా?" అని అన్నను చాటుగా అడిగాడు.

ఎనిమిదో రోజు పొద్దున కొలతలు తీశారు. పెద్దకోడలి బిళ్ళలు నూటికి ఇరవై రెండు పాళ్ళు నీరసించాయి. చిన్నకోడలివి పదమూడే.

పెద్దకోడలు మీటరు తుడిచి మళ్ళీ కొలిచింది. అదే లెక్క. దీపాల కింద బిళ్ళలు పరిచిన రేకు నడుమ అరచెయ్యి ఆనించి, చురుక్కుమంటే వెనక్కి లాక్కుంది. వెలుగుకు నీరసించిన పొర వేడి తగిలితే కోలుకుంటుంది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజున ఆమె చెప్పే పాఠమే అది. నడుమ వెలుగు ఎక్కువని చూసుకుంది గాని, ఆ వెలుగుతో పాటే వేడి కూడా ఉంటుందని ఆమెకు తట్టనే లేదు.

పెద్దసారు సంతకానికి కలం తీశాడు. గదిలో పదిమంది చేరారు.

"ఆగండి సార్, ఇది చెల్లదు. ఆవిడవి వారమంతా నడిమి వేడిలో కాగి కోలుకున్నాయి. నావి అంచున చల్లగా పడున్నాయి. ఇలా పెడితే నావి ఓడక ఏం చేస్తాయి?"

"నిజమే. అలా పెట్టిందెవరమ్మా?"

పెద్దకోడలు చేతిలోని మీటరు తీగ చుట్టటం మొదలుపెట్టింది.

చిన్నకోడలు అంది: "అక్కే పెట్టారు సార్. నావి త్వరగా చావాలని."